కొమురయ్యన్న నోని సీసా

2023లో నేను భూపాలపల్లిలోని ఒక డయాలసిస్ సెంటర్‌లో స్టాఫ్ నర్సుని. పిల్లలూ, "అమ్మమ్మా, రోజంతా ఏం చేసేదానివి?" అని ఫోన్‌లో అడుగుతుంటారు కదా, అందుకే ఇది చెబుతున్నాను. కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేయడమే డయాలసిస్. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన కొమురయ్యన్న వారానికి మూడుసార్లు భార్య లచ్చవ్వతో వచ్చేవాడు.

ఆ ఎండాకాలం ఆయన రక్తంలో పొటాషియం పెరగడం మొదలైంది. అది పండ్లలో, కూరగాయల్లో ఉండే ఖనిజ లవణం. కిడ్నీలు బాగుంటే మూత్రంలో పోతుంది. లేకపోతే రక్తంలో పేరుకుని గుండె లయనే చెడగొడుతుంది. ఒకరోజు నడవలేక చక్రాల కుర్చీలో వచ్చాడు. ఈసీజీ చూసిన డాక్టర్ వెంటనే మిషన్ పెట్టించి, "ఇంకోసారి ఇట్లయితే గుండె ఆగిపోవచ్చు" అన్నారు.

అందరి అనుమానం లచ్చవ్వ వంట మీదికి పోయింది. నాది కూడా. కూరగాయలు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండమని మేం చెబుతాం. అట్లా కొంత పొటాషియం పోతుంది.

"నీళ్లు పారబోస్తున్నవా అక్కా?"

"రెండుసార్లు ఉడకబెట్టి పారబోస్తున్న సిస్టరమ్మా! గడ్డి తిన్నట్టున్నదని రోజూ తిట్లు పడుతున్న."

"గడ్డి పెట్టి గూడ పానం తీస్తున్నది సూడుండ్రి," అన్నాడు కొమురయ్యన్న మంచం మీది నుంచి. వార్డంతా నవ్వింది. లచ్చవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"వేరే మందులేమన్న వాడుతున్నవా అన్నా?" అని ప్రతిసారీ అడిగేదాన్ని. "మీరిచ్చినయే" అనేవాడు. అదే రాసుకుని ఊరుకునేదాన్ని. పొరపాటు అక్కడే జరిగింది.

లచ్చవ్వ ఏడుపు నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఆయన మళ్లీ వచ్చినప్పుడు మందుల మాటే ఎత్తలేదు.

"అన్నా, పొద్దున కండ్లు తెరిచినకాన్నుంచి నోట్లకు పోయేదంత చెప్పు. నీళ్లు సుత."

"మొకం కడుక్కుంట. నోని రసం తాగుత. ఎన్క చాయ్..."

"ఆగాగు. ఏం రసం?"

"నోని. సముద్రం ఒడ్డుకు కాసే పండట. బాయిల నా షిఫ్టుల పనిచేసిన దోస్తు ఓదెలు అమ్ముతున్నడు. మూడు నెలలు తాగితె ఈ సూదులే ఉండయన్నడు."

"మరి ఏం మందులు లేవంటివి?"

"గది మందెట్లయితది? పండు గద!"

లచ్చవ్వ లేచి నిలబడింది. "నేను పొయ్యికాడ చస్తుంటె, నువ్వు చాటుంగ సీసలు లేపుతున్నవా?"

ఆయన తల దించుకున్నాడు. "సూదులు బందయినంక నీకు చెప్దామనుకున్ననే," అన్నాడు మెల్లగా.

సీసా తెప్పించి డాక్టర్‌కు చూపించాను. నోనిలో పొటాషియం బాగా ఉంటుందని, డయాలసిస్ మీదున్నవాళ్లు ముట్టకూడదని చెప్పారు. రోగాలు నయం చేయడానికి కాదని ఆ సీసా మీదే చిన్న అక్షరాల్లో ఉంది. ఓదెలును కూడా పిలిపించాను.

"నేను సుత తాగుతున్న సిస్టర్, నాకేం గాలె గద?"

"నీ కిడ్నీలు మంచిగున్నయి, వడపోస్తున్నయి. ఈయనకు వడపోసేది ఈ మిషనే అన్నా."

ఓదెలు స్నేహితుని కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు.

రసం మానేశాక పొటాషియం దిగింది. పొద్దున్నుంచి నోట్లోకి పోయేదంతా చెప్పమన్న నా ప్రశ్నను డాక్టర్ మా కొత్త ఫారంలో మొదటి వరుసలో రాయించారు. ఇప్పటికీ అక్కడ అదే అడుగుతున్నారు. పండు అయినా, ఆకు అయినా, పొడి అయినా, ఎవరి ఒంట్లోకి పోతున్నదో తెలియకుండా మంచిదనకూడదు. మనం మందు అన్నదాన్ని అవతలివాళ్లు మందనుకోకపోతే, ఎన్నిసార్లు అడిగినా నిజం బయటికి రాదు. ఇన్నేళ్ల నౌకరీలో ఇది నేర్చుకున్నానని గర్వంగానే చెబుతాను.

పొటాషియం దిగిందని రిపోర్టు వచ్చిన రోజు లచ్చవ్వ నా చెయ్యి పట్టుకుంది. "నా కూర తప్పు లేదని జర పెద్దగ చెప్పు సిస్టరమ్మా, వార్డంత ఇనాలె."

వార్డు మధ్యలో నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను.