రాయొద్దన్న మాట చదివిన మనిషి

“చాయ ఇంకింత ఉన్నదా?”

“లేదు, ఒడిసింది.”

మా ఆయనకూ నాకూ మధ్య జరిగిన చివరి మాటలు ఇవే. ఆయన కప్పు కడిగి బోర్లించాడు, చెప్పులేసుకుని చెరుకు తోట వైపు నడిచాడు. గట్టు మీద కూలిపోయాడని కబురు వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతూనే ఉంది.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, చెప్పలేక మిగిలిపోయిన మాట కోసం పోయినవాళ్ళు తిరిగి వస్తారని మా వైపు అంటారు. మాకు అలాంటిదేమీ మిగల్లేదు. చాయ అడిగాడు, లేదన్నాను, అంతే.

దయ్యాలను నేను నమ్మే మనిషిని కాదు. చెరుకు తోటల మధ్య బతికినదాన్ని. ఎండిన ఆకు గాలికి గలగలమంటే అవతల ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది. అడవిపంది చొరబడితే ముసలి మనిషి మూలిగినట్టే ఉంటుంది. తోటి ఆడవాళ్ళు దయ్యమని పరుగెత్తితే, నేను కట్టె పట్టుకుని పోయి పందిని తరిమి వచ్చేదాన్ని. అలాంటి నేను ఇది చెబుతున్నాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం మొదటి నుంచి చెబుతాను. నాకు చదువు రాదు. సంతకం గీస్తాను, బస్సు మీద బోధన్ అని ఉంటే గుర్తుపడతాను. నేను నోటితో చెబుతుంటే మా అన్న కూతురు స్వరూప రాస్తుంది. ఆయన పోయాక బోధన్ పక్కన మా ఊరి నుంచి నన్ను నిజామాబాద్‌లో తన ఇంటికి తెచ్చుకుంది. ఆమె భర్త గంగాధర్ దుబాయిలో ఉంటాడు. ఇంట్లో మేమిద్దరమే.

ఆయన బెల్లం వండేవాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ క్యాంపు రైతులు పొలాల్లో బెల్లం బట్టీ పెడితే ఆయనను పిలిచేవారు. నేను పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసేదాన్ని. ఒకవైపు పొగ, ఒకవైపు గానుగ ఇంజను మోత. ఆ మోతలో ఆయనకు వినబడాలంటే అరవాలి. అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు నేను మెల్లగా మాట్లాడినా పక్కింటివాళ్ళకు కొట్లాటలాగే ఉంటుంది.

స్వరూప ఇంట్లో నాకు పని లేదు. బియ్యం ఏరుతూ బట్టీ సంగతులు చెబుతూ కూర్చునేదాన్ని. విని విని ఒకరోజు ఆమె అంది, “అత్తా, నాకొక్కదానికే చెప్తే ఏం ఫాయిదా? పది మందికి చెప్పు. బ్లాగు పెడదాం.”

“నా గొంతు ఎవ్వలింటరు బిడ్డా? కాకి నయం.”

“గొంతు ఎవ్వలకు ఇనవడదు. అక్షరాలే సదువుతరు.”

బ్లాగంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. బజారులో గోడకు కాగితం అతికించినట్టు, ఆ గోడ ముందు నుంచి దేశదేశాలవాళ్ళు పోతుంటారు అని స్వరూప చెప్పింది. సరే అన్నాను.

మొదట్లో ఆ గోడ ముందు ఆగింది గంగాధర్ ఒక్కడే. స్వరూప పొద్దున లేవగానే ఎంతమంది చదివారో చూసి ముఖం చిన్నబుచ్చుకునేది. తర్వాత గంగాధర్ తన గదిలో ఉండే కమ్మర్‌పల్లి, జక్రాన్‌పల్లి పిల్లలకు పంపాడు. వాళ్ళు తమ ఊళ్ళ గ్రూపుల్లో పెట్టారు. అక్కడి నుంచి మస్కట్, దోహా దాకా పోయింది. పల్లీ ముద్దలు ఎట్లా చుడతారో చెప్పిన వారం మొదటిసారి నేనెరగనివాళ్ళు రాశారు. “అవ్వా, కండ్లల్ల నీళ్ళొచ్చినయ్” అని ఒకడు. “అవ్వా, మేం చేస్తే రాళ్ళయినయ్, సుత్తె పంపు” అని ఇంకొకడు. స్వరూప చదివి వినిపిస్తుంటే ఎంతకాలానికో మనసారా నవ్వాను.

ఇక ఆమె దాన్ని సంసారం నడిపినట్టు నడిపింది. శుక్రవారం పొద్దున్నే పెట్టాలి, అక్కడ చాలామందికి ఆ రోజే సెలవు. ప్రతి ముచ్చట పేరులో తిండి మాట ఒకటి ఉండాలి. రాసినవాళ్ళందరికీ పేరు పెట్టి జవాబివ్వాలి. ఒక వారం తప్పితే మనుషులు జారిపోతారు, మళ్ళీ తెచ్చుకోవడం కష్టం. “పాడిబర్రె లెక్క అత్తా, ఒక్క పూట పిండకుంటే పాలు తగ్గుతయ్” అని నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. నువ్వెన్నడు పిండినవే అని అడిగితే మూతి తిప్పుకుంది.

చెప్పేటప్పుడు నాకొక అలవాటు ఉంది. ఏ ముచ్చట మొదలుపెట్టినా మధ్యలో ఆయన వస్తాడు. చెప్పేస్తాను. చెప్పాక సిగ్గేస్తుంది. “గిది రాయకు” అంటాను. స్వరూప చెయ్యి ఆపుతుంది.

కొత్త బెల్లం గురించి చెప్పిన వారం అలాగే జరిగింది. పాకం దింపాక పెద్ద పెనం అంచుకు కొంచెం మాడు పట్టి ఉంటుంది. ఆయన దాన్ని గీకి, చెరుకు ఆకులో చుట్టి, ఎవరూ చూడకుండా నా కొంగులో వేసేవాడు. పెళ్ళయిన కొత్తలోనే కాదు, తల నెరిశాక కూడా. అది చెప్పి, రాయొద్దన్నాను. స్వరూప రాయలేదు.

శుక్రవారం సాయంత్రం కామెంట్లు చదువుతూ ఆమె ఆగిపోయింది. పేరు లేదు, ఫొటో లేదు. ఒక్కటే ముక్క ఉంది.

“మాడు బెల్లం ముచ్చట ఇడిసిపెట్టినవ్.”

నువ్వే రాసినవా అని నేను, ఎవరికన్న చెప్పినవా అని ఆమె. పెట్టినదంతా మళ్ళీ చదివింది. అందులో మాడు అన్న మాటే లేదు. బెల్లం వండేచోట మాడు ఉంటుంది కదా, తెలిసినవాళ్ళెవరో రాసి ఉంటారని సర్దుకున్నాం.

తర్వాత మిరపకాయ సంగతి వచ్చింది. బెల్లం వండే మా ఆయన తీపి తినేవాడు కాదు. పాకం రుచి చూసి, వెంటనే పచ్చిమిరపకాయ కొరికేవాడు. జేబులో ఎప్పుడూ రెండు ఉండేవి. ఇది తెలిస్తే ఆయన బెల్లం ఎవరు కొంటారని మేమిద్దరం దాచుకున్న ముచ్చట. దాన్నీ రాయొద్దన్నాను. ఆ వారం వచ్చిన మాట ఇది.

“మిరపకాయ సంగతి రాస్తే ఏమైతది?”

దీన్ని ఊహించి రాయలేరు. నాకు గంగాధర్ మీద అనుమానం వచ్చింది. స్వరూప అప్పుడప్పుడు అతనికి వీడియో కలిపి ఫోను పక్కన పెట్టేస్తుంది, మా మాటలు వింటూ అన్నం తింటాడు. అడిగితే అతనికి కోపం వచ్చింది. “అత్తా, ఈడ ఎండల మాడి సస్తున్న. నీ మిరపకాయలతోని నాకేం పని?” అన్నాడు.

అతను సెలవు మీద వచ్చినప్పుడు పరీక్ష పెడదామన్నాడు. మధ్యాహ్నం పూట ఫోనులన్నీ బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టాడు. కంప్యూటర్ పక్కగదిలో ఉంచాడు. కిటికీలు మూశాడు. స్వరూప కాగితం మీద రాసుకోవాలి. “జరగని ముచ్చటొకటి చెప్పు అత్తా. గప్పుడు దొంగ దొరుకుతడు” అన్నాడు.

నేను ఆలోచించి, పాకం తిప్పేటప్పుడు ఆయన పాటలు పాడేవాడని చెప్పాను. ఆయన జన్మలో పాడలేదు. భజనలో కూర్చున్నా తాళం కొట్టడమే గాని నోరు తెరవడు. చెప్పి, అలవాటు ప్రకారం రాయకు అన్నాను. ఆమె రాయలేదు. మిగతాది పెట్టింది. గంగాధర్ అప్పటిదాకా మా ఇద్దరినీ కనిపెట్టుకునే ఉన్నాడు, తనూ ఫోను ముట్టలేదు. శుక్రవారం సాయంత్రం కామెంట్లలో ఇది ఉంది.

“పాటలేంది? ఎవలు పాడిండ్రు?”

గంగాధర్ నవ్వబోయి ఆగాడు. సెలవు అయిపోయేదాకా బియ్యం డబ్బా మూత నన్నే తీయమనేవాడు.

నాకు భయం వేయలేదు. తికమకగా ఉంది. ఆయనే అయితే “నేనెన్నడు పాడిన” అనాలి కదా. ఎవరు పాడారు అని అడిగేది ఎవరు? పైగా ఆయనకూ నాలాగే చదువు రాదు. బతికినన్నాళ్ళూ వేలిముద్రే. ఇట్లాంటి పెద్ద ఫోను ఆయన ఎన్నడూ చేత్తో పట్టుకోలేదు. చదవడం రాని మనిషి, మేం రాయని మాట చదివి, రాసి పంపాడంటే ఎట్లా నమ్మాలి? ఆయన కాకపోతే, ఆ మిరపకాయల సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు? స్వరూప కంప్యూటర్ తెలిసినవాళ్ళను అడిగింది. పేరు లేకుండా రాస్తే ఎక్కడి నుంచో చెప్పలేమన్నారు.

ఇక్కడ ఇంకో సంగతి జరిగింది. చదివేవాళ్ళ కళ్ళు ఆ కామెంట్ల మీద పడ్డాయి. “అవ్వా, పాటల ముచ్చటేంది?” అని అడగడం మొదలైంది. నేను చెప్పినదాని కోసం కాకుండా, చెప్పనిదాని కోసం రాయసాగారు. చదివేవాళ్ళు ఎన్నడూ లేనంతగా పెరిగారు. స్వరూపకు సంతోషించాలో లేదో తెలియలేదు. ఇంతలో మొదటి నుంచీ ఉన్న పిల్లలు తగ్గసాగారు. సుత్తె అడిగిన పిల్లగాడు “అవ్వా, నిమ్మకాయలు కట్టుకో, నేనైతే ఇగ రాను” అని రాసి పోయాడు. నిజంగానే మళ్ళీ రాలేదు.

“ఇగ ఏది దాచకు అత్తా. అన్నీ రాద్దాం. దాచింది లేకుంటే అడిగేది ఏముంటది?” అంది స్వరూప. నాకూ సరే అనిపించింది. మాడు బెల్లం రాయించాను. మిరపకాయలు రాయించాను. నోట్లో నుంచి వచ్చినదంతా వదలకుండా పెట్టింది.

ఆ మనిషి రావడం మానేశాడు.

ఒక శుక్రవారం పోయింది, ఇంకొకటి పోయింది. ఎవరో తెలియని మనిషి రాకపోతే నాకేమిటి అనుకున్నాను. కానీ స్వరూప కామెంట్లు చదువుతుంటే, అంతమంది అవ్వా అవ్వా అంటున్నా, నా చెవి ఇంకో మాట కోసం ఉండేది. చదవడం అయిపోయాక “గింతేనా?” అని అడిగేదాన్ని. ఆమె గింతే అనేది. అన్నం సహించేది కాదు.

ఒక వారం ఉండబట్టలేక, అటుకుల గురించి చెబుతూ మధ్యలో ఆయన మాట ఒకటి చెప్పి, రాయకు అన్నాను. స్వరూప తలెత్తి చూసింది.

“అత్తా, పిలుస్తున్నవా?”

నేను అటుకుల గురించే చెప్పుకుంటూ పోయాను. ఆ వారం వచ్చింది. దేని గురించీ అడగలేదు. ఇంతే రాసి ఉంది.

“ఇగ చెప్పవనుకున్న.”

స్వరూప కంప్యూటర్ మూసేసి వంటింట్లోకి పోయింది. ఏడుస్తోందని తెలుసు.

మర్నాడు ఆమె తన మాట చెప్పింది. పేరు లేనివాళ్ళు రాయకుండా ఆపవచ్చట. ఒక్క బొత్తాం నొక్కితే చాలట. దాన్ని నొక్కితే పోయిన పిల్లలు తిరిగి వస్తారు, నొక్కకపోతే ఇది దయ్యాల బ్లాగుగా మిగులుతుంది. ఆమె చెప్పింది తప్పు కాదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి తెచ్చుకుంది ఆమె. నాకేమో ఆ ఒక్కరే కావాలి. ఆ ఒక్కరు ఎవరో కూడా తెలియదు. కావాలనడానికి నాకే సిగ్గుగా ఉంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. జరిగినదంతా ఒకసారి చదివేవాళ్ళకు చెప్పేయాలి. ఈ వారం పెడుతున్నది అదే. దీని కింద ఆ మనిషి ఏమైనా రాస్తే బొత్తాం జోలికి పోదు. రాయకపోతే నొక్కేస్తుంది, నేను మళ్ళీ అడగకూడదు.

ఇది ఏమిటో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను కూడా చెప్పను. ఎవరైనా ఆటపట్టిస్తున్నారేమో. మా ఊరివాళ్ళెవరో ఏనాడో బట్టీ చాటు నుంచి మమ్మల్ని చూసి ఉంటారేమో. కానీ పాటల మాట మాత్రం ఆ గదిలో నేను అప్పటికప్పుడు పుట్టించిన అబద్ధం. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. శుక్రవారం కోసం మాత్రం ఎదురుచూస్తాను.

ఇందులో అన్నీ చెప్పాను. అటుకుల వారం దాచినది, ఇంకొక్కటి తప్ప. ఇందాక ఇది చెబుతూ అటుకుల దగ్గరికి వచ్చినప్పుడు, ఆ వారం చెప్పిన మాట కాదు, కొత్తది ఒకటి స్వరూపకు చెప్పి రాయకు అన్నాను. ఆమె చెయ్యి ఆపి, సరే అంది. చదివేవాళ్ళు అది ఏమిటని అడగకండి. అది మీ కోసం కాదు.

స్వరూపా, పెట్టేముందు ఒకసారి మొత్తం సదివి ఇనిపియ్యి బిడ్డా. ఆ మాట యాడన్న తప్పిపోయి పడ్డదేమో సూద్దాం.