పెద్దమామాకు వచ్చిన తెలుగు

కర్జకాన్ అనే గల్ఫ్ ఊళ్లో ఇల్లు బేరం కుదిరిన వారమే పెద్దమామాను మనామాలోని ఒక సంరక్షణ కేంద్రంలో చేర్చారు. ఇంటి యజమానురాలిని మామా అనడం అక్కడి పనిమనుషుల అలవాటు. ముసలావిడ కాబట్టి లోవమ్మకు పెద్దమామా. తుని దగ్గరి పల్లె నుంచి వచ్చిన లోవమ్మ ఏళ్ల తరబడి ఆవిడ పనే చేసింది. లోవమ్మ వీసాకు పూచీ పడ్డ కఫీల్ ఆవిడ కొడుకు జాసిమ్. లోవమ్మను తల్లి దగ్గర ఉంచుతాడో, ఊరికి పంపేస్తాడో అతను చెప్పలేదు.

కొన్నవాళ్లు ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడతారట. తలుపులు, ఏసీలు విప్పడానికి జగిత్యాల వైపు నుంచి వచ్చిన బాలన్నను పంపారు.

“ఏందమ్మా లోవమ్మా, ముసలామె ఇల్లు నీ పేరున రాసిందా? గట్ల కావలి కూసున్నవు” అన్నాడు, తలుపు బందులు ఊడదీస్తూ.

“రాసింది బాలన్నా. తలుపులు నువ్వు పీక్కుపోయేక గోడలు నాయే.”

“గోడలు గూడ నావే. జేసీబీ వస్తున్నది. నీకు టికెట్ దీసిండ్రా మరి?”

“ఎవరన్నా చెబితే కదా.”

అంతలో జాసిమ్ కారు వచ్చి ఆగింది. “అమ్మ తినడం లేదట. యల్లా, ఎక్కు” అన్నాడు. లోపలికి కూడా రాలేదు.

ఎందుకు తినడం లేదో లోవమ్మకు తెలుసు. పక్షవాతం వచ్చాక పెద్దమామాకు మాట పడిపోయింది. కొడుకులూ కూతుళ్లూ శుక్రవారం వచ్చి, నుదుటిమీద ముద్దుపెట్టి, ఫోన్లు చూసుకుని వెళ్లిపోయేవారు. మిగతా వారమంతా ఆ గదిలో వినబడేది లోవమ్మ గొంతే. మొదట్లో తనకొచ్చిన అరబీ ముక్కలే వాడింది. తర్వాత అలసటకు తెలుగే వచ్చేసేది. లెగు, కూకో, నోరు తెరు, మింగెయ్. మంచాన ఉన్న మనిషికి ఏ భాషయితేనేమిటనుకుంది. కాని పెద్దమామా ఆ నాలుగు మాటలే పట్టుకుంది. అరబీ ఇప్పుడు ఆవిడ చెవికి ఏసీ హోరుతో సమానం. మీ అమ్మకు మీ మాట అందదని జాసిమ్‌కు ఎలా చెబుతుంది?

కేంద్రంలో మలయాళీ నర్సు చెంచా పట్టుకుని అరబీలో బతిమాలుతోంది. పెద్దమామా పెదవులు బిగించుకుని ఉంది. లోవమ్మ గడ్డం తుడిచి, పనిచేసే వైపు దవడ మీద వేలితో తట్టి, “నోరు తెరవే తల్లీ” అంది. తెరిచింది. గిన్నె ఖాళీ అయింది.

జాసిమ్ గుమ్మంలోంచి చూశాడు. “ఈమె పెడితేనే తింటుందా? అయితే ఈమె ఇక్కడే ఉండాలి” అని నర్సుతో అన్నాడు. లోవమ్మ గుండె కుదుటపడింది.

మధ్యాహ్నం నర్సు హిందీలో అడిగింది. “దీదీ, ఏమంటున్నావు? నాకూ చెప్పు.”

చెప్పకపోతే తన చోటు తనకుంటుంది. ఆ సంగతి లోవమ్మకు బాగానే తెలుసు. కాని ఆ అమ్మాయి చెంచా పట్టే తీరు చూడలేకపోయింది. మెతుకు నాలుక కొసన పెడుతోంది. పొలమారితే ఊపిరి ఆగిపోతుంది.

“ముందు దిండు పెట్టి నిటారుగా కూకోబెట్టు. ఈ పక్క దవడలోకి అరచెంచానే. గొంతు కదిలేదాకా రెండోది పెట్టకు” అని హిందీలో చెప్పి, ఆ నాలుగు మాటలూ పలికించింది. నర్సు ముద్దముద్దగా అంది. పెద్దమామా కాసేపు అనుమానంగా చూసి నోరు తెరిచింది.

శుక్రవారం జాసిమ్ వచ్చేసరికి నర్సే తినిపిస్తోంది. అతను ఎంతో తేలికపడ్డాడు. “మంచి పని చేశావు లోవమ్మా. ఇక ఖలాస్. రేపటికి టికెట్ తీస్తాను. నీ సామాన్ తెచ్చుకో, ఆ ఇంటి తాళం ఇచ్చేయాలి” అన్నాడు.

“నన్నుంచుతానన్నారు కదా బాబా?”

“అప్పుడు తినడం లేదు కదా.”

అది అతను కోపంతో అన్న మాట కాదు. లెక్క సరిపోయిందంతే. నేర్పకపోయినా బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది లోవమ్మకు. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మంచం దగ్గరికి వెళ్లి పెద్దమామా చెయ్యి పట్టుకుంది. “వెళ్లొస్తానమ్మా” అంది. ఇన్నేళ్లలో ఆవిడకు ఆ మాట చెప్పవలసిన అవసరం రాలేదు. పెద్దమామా లోవమ్మ మొహంలోకి చూసి, బుద్ధిగా నోరు తెరిచింది.

నర్సు చెంచా అందుకుంది.