కళ్లు పాసైన మనిషి

ఎనభైల చివర్లో ఒక మధ్యాహ్నం, ఖరగ్‌పూర్ వెయిటింగ్ రూములో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరట. ఆ ఊళ్లోనే ఇందా అనే పేట దగ్గర సైకిలు మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటినుంచి మనుషుల ముఖాలు పోల్చుకోలేకపోతున్నానని, ఎండ గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

"కళ్లకేటీ కాలేదు బాబూ. అట్ట మీది అచ్చరాలన్నీ సదివించి డాక్టరు పాస్ సేసేసినాడు. ముక్కు కనిపిస్తాది, మూతి కనిపిస్తాది. కలిపితే ఎవులో తెల్దు."

అక్షరాలన్నీ వచ్చి అర్థం మాత్రం కాకపోవడం నా కాలేజీ చదువుకీ ఉన్న జబ్బేనన్నాను. నవ్వాడు.

ఇంతలో ఒకావిడ టీ పట్టుకొచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన మర్యాదగా కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు.

"నానే. టీ తాగు," అందావిడ బొంగురుగా.

ఆయన ముఖం విప్పారింది. "మా ఇంటిది బాబూ! గొంతు ఇంటే సాలు, మనిషంతా వచ్చేస్తాది."

ఆవిడ గొంతులో గడ్డ ఉందట. ఆపరేషనుకి విశాఖపట్నం వెళుతున్నారు. ఆ తర్వాత మాట ఉండదని డాక్టర్లు ముందే చెప్పేశారు.

"గాజులు మోగిస్తానులే," అంది ఆవిడ.

"ఈ ఊళ్లో అందరి సేతులూ మోగుతాయే. ఏదో ఒకటి మాటాడు."

"ఏటి మాటాడమంటావు?"

"ఏదైనా."

బండి వచ్చేదాకా ఆవిడ గోల్‌బజార్ చేపలవాడితో పడిన తగువు చెబుతూనే ఉంది. ఆయన కళ్లు మూసుకుని ఆవిడనే చూస్తున్నాడు.