నింపితే నింపినట్టే వస్తుందన్నాను

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క వాక్యం. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నానేమో.

అమీర్‌పేటలో సందుకో ఇన్‌స్టిట్యూట్ ఉన్న రోజులవి. నేనూ తెనాలి నుంచి వచ్చి, అక్కడే వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాను. లేని అనుభవం కాగితం మీద చూపించి పంజాగుట్టలో ఒక సంస్థలో చేరాను. చదువు మధ్యలో ఆపేసిన ఆడవాళ్లకు ఉచితంగా కంప్యూటర్ నేర్పి, ఉద్యోగం చూపించే సంస్థ అది. దరఖాస్తులు వెబ్‌సైట్ ద్వారా వచ్చేలా చేయడం మా సారు నాకిచ్చిన మొదటి పని. జనం సైట్‌లోంచి ఫారం దింపుకుని, కంప్యూటర్‌లోనే నింపి, సేవ్ చేసి, తిరిగి సైట్‌లోకి ఎక్కించాలి.

ఫారాలు వచ్చాయి. చాలావరకు ఖాళీగా వచ్చాయి. పేరు, ఫోన్ నంబరు సైట్‌లో విడిగా పడేవి. ఫారం తెరిస్తే మాత్రం గళ్లన్నీ తెల్లగా ఉండేవి. మొదట నవ్వుకున్నాను. ఫారం నింపడం కూడా రానివాళ్లకు కంప్యూటరెందుకని పక్క సీటాయనతో వెటకారంగా అన్నాను కూడా. తర్వాత అనుమానం వచ్చి నేనే ఒకటి నింపి, సేవ్ చేసి, మళ్లీ తెరిచాను. ఖాళీ. నెట్ సెంటర్లలో ఉండే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నింపింది ప్రింటుకు వస్తుంది గానీ సేవ్ అవదు. అదీ సేవ్ అయ్యేలా ఫారం తయారుచేసేవాడే చూసుకోవాలి. నాకా సంగతే తెలియదు.

సారుకు చెబితే సరిపోయేది. అంత అనుభవం ఉన్నవాడివి ఇది కూడా తెలియదా అంటారు, ఆపైన ఆ అనుభవం కూపీ లాగుతారు. ఆ భయంతో, ఖాళీగా వచ్చిన ప్రతి ఫారానికీ 'అసంపూర్తి దరఖాస్తు' అని తిరస్కరణ పంపేశాను. పంపుతుంటే జాలేసిందని చెప్పుకుంటే బాగుండేది. వేయలేదు.

కొన్నాళ్లకు సనత్‌నగర్ నుంచి ఒక జంట వచ్చింది. అతను ఫ్యాక్టరీ యూనిఫాం మీదే వచ్చాడు. ఆమె ఇంటర్ మధ్యలో ఆపేసిందట. తను ఉద్యోగానికి వెళ్లడం భర్తకు మొదట ఇష్టం లేదని, ఎన్నో గొడవలయ్యాకే ఒప్పుకున్నాడని, నెట్ సెంటర్‌లో కూర్చుని ఫారం అతనే నింపాడని ఆమే చెప్పింది. ఎందుకు తీసేశారో చెప్పమన్నారు. నేను వాళ్ల ఫారం తెరిచి మానిటర్ అటు తిప్పాను.

ఆమె తెర చూసింది. తర్వాత అతని వైపు చూసింది.

"నింపినన్నవు గదా," అంది మెల్లగా.

"నింపిన. నువ్వు చెప్పిందంత రాసిన," అని అతను నావైపు తిరిగాడు. "సార్, జర చెప్పుండ్రి. నింపితే సుత గిట్ల ఖాళీగ వస్తదా?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. లోపలి గదిలో సారు ఉన్నారు. తలుపు తెరిచే ఉంది.

"రాదండి. నింపితే నింపినట్టే వస్తుంది," అన్నాను.

ఆమె అరవలేదు. "ఇష్టం లేకుంటే ఇంట్లనే చెప్పకపోయినవా. ఇంత దూరం ఎందుకు తోల్కొచ్చినవ్," అని మాత్రం అంది. అతను, నిజంగా నింపానా లేదా అని తనకే అనుమానం వచ్చినట్టు ఆ తెల్లటి గళ్లనే చూస్తూ ఉండిపోయాడు. వాళ్లు కిందికి దిగాక నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. బస్సు రాగానే ఆమె ఎక్కేసింది. అతను ఎక్కలేదు.

ఆ వారమే అమీర్‌పేటలో పాత మిత్రుణ్ణి పట్టుకుని, దింపుకునే పని లేకుండా సైట్‌లోనే నింపేలా ఫారం మార్చేశాను. దరఖాస్తులు నిండుగా రావడం మొదలైంది. జనానికి శ్రద్ధ పెరిగిందని సారు సంబరపడ్డారు. నా ఉద్యోగం ఖాయం చేశారు.

వాళ్ల ఫోన్ నంబరు అప్పుడు నా దగ్గరే ఉంది. ఫోన్ ఎందుకు చేయలేదు? ఉద్యోగం ఖాయమయ్యాక చేద్దామనుకున్నాను. ఖాయమయ్యాక, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతారని ఆగాను. తర్వాత వేరే కంపెనీకి మారాను, నంబరు అక్కడే ఉండిపోయింది. ఇవన్నీ సాకులని నాకు తెలుసు. పోయింది ఆమె సీటొక్కటే అయితే ఎలాగో సర్దిచెప్పుకునేవాణ్ణి. అన్ని గొడవల తర్వాత మనసు మార్చుకుని, భార్య కోసం ఒక మనిషి కూర్చుని చేసిన పనిని నేను ఆమె కళ్లముందే మోసం కింద చూపించాను. ఆ తర్వాత అతని మాట ఆమె ఎప్పుడైనా నమ్మిందా? నా భార్య కరెంటు బిల్లు కట్టారా అని అడుగుతుంది. కట్టానంటాను. నమ్మేసి తన పనిలో పడిపోతుంది. అప్పుడల్లా నామీద నాకే రోత పుడుతుంది.

క్షమించమని అడగను. మీరు క్షమించినా అది వాళ్లకు చేరదు. ఇంత రాశాక మనసు కొంచెం తేలికపడింది, ఆ కొంచెం కూడా నాకు దక్కకూడనిదే. ఆ రోజు ఆమెతో అనాల్సిన మాట ఒక్కటే. ఇన్నేళ్లకు, ఆమె లేని చోట అంటున్నాను.

మీ ఆయన నింపారమ్మా. అన్నీ నింపారు. తప్పు నాది.