ఇంటిల్లిపాదికీ పథ్యం

పోయిన వారం మా వీధి చివర కొత్తగా ఆసుపత్రి పెట్టిన కుర్ర డాక్టరు నా వేలి కొసన సూదితో పొడిచి, ఒక్క రక్తపు బొట్టు తీసి, నేను చీర కొంగుతో వేలు తుడుచుకునేలోపలే అంకె చెప్పేశాడు. "కొంచెం హద్దు దాటింది మామ్మగారూ, భయమేం లేదు" అంటూ అచ్చు వేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. అందులో పన్నెండు మంచి అలవాట్లున్నాయి. ఎన్నింటికి లేవాలి, ఎంత నడవాలి, ఏం తినాలి, ఎంత నమలాలి. పన్నెండూ రేపటి నుంచే మొదలుపెట్టాలట. మా అమ్మాయి దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పాలకోసం వెళ్ళినప్పుడల్లా అది కంటబడుతుంది. కంటబడినప్పుడల్లా నాకు మా మావగారు గుర్తొస్తున్నారు.

నేను ఆ ఇంటికి కోడలుగా వెళ్ళింది అరవైల చివర్లో. విజయనగరం కోట వెనక సందులో పెంకుటిల్లు. మా ఆయనకి రైల్వేలో ఉద్యోగం, రాయగడ వైపు. పదిహేను రోజులకోసారి వచ్చి వెళ్ళేవారు. ఇంట్లో ఉండేది మావగారు, అత్తగారు, నేను. మావగారిని ఊళ్ళో అందరూ ఫిడేలు మేష్టారనేవారు. పొద్దున ఆరింటికి మొదలైతే దీపాలవేళ వరకు వీధరుగు మీద ఎవరో ఒక శిష్యుడు సరళి వరసలు కోస్తూనే ఉండేవాడు. కోస్తూ అని ఎందుకన్నానంటే, కొత్తగా వచ్చినవాళ్ళ చేతిలో కమాను నిజంగా రంపంలాగే ఉండేది. ఆ మోత భరించడానికో ఏమో, మావగారు రోజుకి ఆరు కాఫీలు తాగేవారు. ఒక్కొక్క దాంట్లో రెండు చెంచాల పంచదార. ఆపైన, వర్ణం పూర్తి చేసిన శిష్యుడు మేష్టారికి మిఠాయి పొట్లం తేవడం ఆ ఇంటి ఆచారం. ఆ పొట్లాలు ఫిడేలు పెట్టెలోనే, కమానుకి రాసే గుగ్గిలం ముద్ద పక్కన ఉండేవి. అందుకే మా ఇంట్లో కజ్జికాయలకి కాస్త గుగ్గిలం వాసన, ఫిడేలుకి కాస్త యాలకుల వాసన ఉండేది.

నేను వెళ్ళిన ఏడాదే ఆయన చిక్కిపోవడం మొదలైంది. ఎంత నీళ్ళు తాగినా దాహం. స్నానాలగది మూల చీమల బారులు. ఇవన్నీ చూస్తూనే ఉన్నాం గాని ఎవరమూ కలిపి ఆలోచించలేదు. ఆమదాలవలసలో ఒక పెళ్ళి కచేరీకి కొత్త చెప్పులు వేసుకుని వెళ్ళొచ్చారు. మర్నాడు అత్తగారు చాప మీద రక్తపు మరక చూసి, ఎక్కడిదా అని వెతికితే, మావగారి కుడికాలి చిటికెన వేలు పక్కన రూపాయి బిళ్ళంత పుండు. ఆయనకి తెలియనే లేదు. నొప్పే లేదన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆ మాట విన్నాకే డాక్టరుగారి మొహం మారింది.

చక్కెర జబ్బు అన్నారు. మాత్రలు రాసి, చేయకూడనివీ చేయవలసినవీ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. పంచదార వద్దు, అన్నం తగ్గించాలి, గోధుమ రొట్టె తినాలి, రోజూ పొద్దున మూత్రం పరీక్ష చేసి రంగు పుస్తకంలో రాయాలి. నేను పెళ్ళికి ముందు శ్రీకాకుళంలో పీయూసీ సైన్సు చదివాను కనక ఆ పరీక్ష నా వంతుకొచ్చింది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మావగారు సీసాలో పట్టి తెచ్చిన మూత్రం ఎనిమిది చుక్కలు కలిపి, స్పిరిటు దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు వస్తే చాలా ఉన్నట్టు.

మొదటి వారమంతా ఇటుక రంగే. మావగారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గొట్టం వైపు కాక నా వైపు చూసేవారు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పరీక్షలో ఆయన తప్పితే నేనే తప్పినట్టుండేది. ఏమీ అనేదాన్ని కాదు. మొహం మాత్రం దాచుకోలేకపోయేదాన్ని. ఇక భోజనం సంగతి. ఆయనకి హాల్లో ఓ మూల విడిగా పీట. నేను చేసిన గోధుమ రొట్టె తోలుముక్కలా ఉండేది. అత్తగారూ నేనూ వంటింట్లో వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ. తలుపు దగ్గరగా వేసుకునేవాళ్ళం, ఆయనకి కనబడకూడదని. ఆవకాయ వాసనకి తలుపులేం అడ్డం?

రెండో వారం నుంచి రంగు నీలంగా రావడం మొదలైంది. ఒకరోజు కాదు, పంతొమ్మిది రోజులు వరసగా నీలం. నేను మా ఆయనకి ఉత్తరం రాశాను. అత్తగారు కొబ్బరికాయ కొట్టించారు. ఆ పుస్తకం పట్టుకుని, బడిపిల్ల మార్కుల కాగితం పట్టుకెళ్ళినట్టు, మావగారితో డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను.

కట్టు విప్పితే వేలు కొస నల్లబడి ఉంది. ఆసుపత్రిలోనే మళ్ళీ పరీక్ష చేశారు. ఇటుక రంగు. "ఇంట్లో నీలమే వస్తోందండి, చూడండి" అని నేను పుస్తకం ముందుకి జరిపాను. డాక్టరుగారు పేజీలు తిప్పి, నన్ను కాదు, మావగారిని చూశారు. మావగారు తల దించుకున్నారు. "మేష్టారూ, ఇలాగే ఉంటే వచ్చే నెల విశాఖపట్నం తీసుకెళ్ళి పాదం తీయించాల్సొస్తుంది" అన్నారు డాక్టరుగారు.

ఫిడేలు వాయించేవాళ్ళు కింద కూర్చుని, దాని తలని కుడిపాదం మీద ఆనించుకుంటారు. మావగారు చాలాసేపు ఆ పాదం వైపే చూసి, "మరి నాను ఫిడేలు దేని మీద ఆనించుకోవాలండీ?" అన్నారు. డాక్టరుగారు పుస్తకం మూసి నాకు తిరిగి ఇచ్చారు.

రిక్షా గంటస్తంభం దాటింది. తర్వాత ఆయనే మెల్లిగా, "ఆ సీసాలోవి నూతి నీళ్ళమ్మా. రంగుకి రెండు సుక్కలు డికాషను కలిపేవోణ్ణి" అన్నారు.

"ఎందుకు మావగారూ?" అన్నాను.

"ఎరుపొచ్చిన రోజు నీ మొహం సూడనేకపోయేవోణ్ణి. నీలం వొస్తే నవ్వుతన్నావు."

కోపం రావలసింది. ఏడుపొచ్చింది. రిక్షా అతను వెనక్కి తిరిగి చూసి, మర్యాదగా మళ్ళీ ముందుకి తిరిగాడు.

అత్తగారు సంగతి విని, చదువొచ్చిన ఎవరినీ కాక, మావగారి అప్పని, అంటే అక్కగారిని, పిలిపించారు. నేను పెద్దత్త అని పిలిచే ఆవిడ ఆమదాలవలస అవతల పల్లెలో ఉండేది. భర్త పోయాక కూడా నాలుగెకరాలు తనే దగ్గరుండి చేయించుకునే మనిషి. రైలు దిగి, చోళ్ళ మూటతో వచ్చింది. చోళ్ళంటే రాగులే, మా వైపు మాట అది. జబ్బు గురించి నేను చెప్పిందంతా విని ఒకటే అడిగింది.

"ఆడు రొట్టి తింతంటే మీరేటి తింతన్నారు?"

చెప్పాను.

"అదేటే గుంటా. ఒక్కడికి పెడితే అది శిచ్చ. అందరూ తింటే కూడు. రేపట్నించి ఆ తలుపు తీసీయండి." తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ఒరే, నువ్వూ అబద్దాలు మానీ. డాక్టరు పది సెప్పినాడంట. పదీ ఒకపాలి ఎవుడికీ రావు. నువ్వు పిల్లలకి సరళి రాకండా కీర్తన సెప్తావేటి?" అంది.

మావగారు ఆ మాటకి నవ్వారు. నెల రోజుల్లో అదే మొదటిసారి.

అమావాస్యకి ఒక అలవాటు, అంతకు మించి వద్దని పెద్దత్త నియమం. మొదటిది పాదాలు. దీపం పెట్టే వేళకి ఇంట్లో నలుగురమూ పెరట్లో వరసగా కూర్చుని కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, ఒకరి అరికాళ్ళు ఒకరు చూడాలి. మావగారి కాళ్ళు నాకొచ్చాయి. ఆయన పాదాలకి దణ్ణం పెట్టడం నాకలవాటే గాని పట్టుకుని తిప్పి చూడడం ఎలాగో తెలియలేదు. ఆయన ముడుచుకుపోయారు. "సూడనీరా, పాదం ఉంటేనే కదా రేపు దణ్ణవైనా ఎట్టేది" అంది పెద్దత్త. వేళ్ళ సందులు తుడిచి, మందు పెట్టి, పాత పంచె చింపిన గుడ్డతో కట్టు కట్టాను. నాలుగో రోజుకి బిడియం పోయింది.

రెండో అమావాస్యకి అంబలి వచ్చింది. పొద్దున్నే నలుగురికీ చోడి అంబలి, మజ్జిగ, ఉల్లిపాయ. మధ్యాహ్నం అందరికీ ఒకే కంచం కొలత, అన్నం కొంచెం, కూర ఎక్కువ. కాఫీలు రెండు, పంచదార లేకుండా, అదీ అందరికీ. మొదటి రోజు పెద్దత్త ఆ కాఫీ తాగి, మొహం వంకర తిప్పి, "కషాయంలాగున్నాది" అంది. అని రెండో గుక్క తాగింది. ఆవిడ తాగాక మేమేం అనగలం? అత్తగారు మాత్రం పంచదార డబ్బా వైపు, ఊరెళ్ళిపోతున్న చుట్టాన్ని చూసినట్టు చూసేవారు.

మిఠాయి పొట్లాల సంగతి పెద్దత్త శిష్యులతోనే తేల్చింది. "మీ మేష్టరికి తీపి పెడితే పాపం మీకే. తెస్తే కూరగాయ తెండి" అంది. అప్పట్నించి వర్ణం పూర్తయితే ఆనపకాయ, కీర్తన పూర్తయితే కంద. ఒక నెల ముగ్గురికి ఒకేసారి వర్ణాలు పూర్తయి, మేం వారం రోజులు ఆనపకాయే తిన్నాం. అత్తగారు నాలుగో వాడికి పాఠం కొంచెం నెమ్మదిగా చెప్పమన్నారు.

వేలు పూర్తిగా దక్కలేదు. నల్లబడిన కొస తీసేశారు. కాని నలుపు పైకి పాకలేదు. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. గాయం మానాక, డాక్టరుగారు సరేనన్నాకే, మెత్తని చెప్పులు కుట్టించి పెద్దత్త ఆయన్ని నడక మొదలుపెట్టించింది. మొదట సందు చివరికి, తర్వాత మూడు లాంతర్ల కూడలి దాకా, ఆఖరికి కోట చుట్టూ.

ఇదంతా సాఫీగా సాగిందని కాదు. ఆ వేసవిలో శిష్యుడి పెళ్ళికెళ్ళి మావగారు బూరెలు తిన్నారు. మర్నాడు పొద్దున సీసా ఆయనే తెచ్చి నా చేతికిచ్చారు. వెచ్చగా ఉంది. "ఎరుపే వస్తాదమ్మా. నాలుగు బూరెలు. కాచీ" అన్నారు. ఎరుపే వచ్చింది. నేను పుస్తకంలో రంగు రాసి, "అంబలి చల్లారిపోతోంది మావగారూ, రండి" అన్నాను. ఆయన నా మొహం వైపు ఒక క్షణం చూసి, వచ్చి పీట మీద కూర్చున్నారు. ఆ నెలల్లో ఆయన నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. నేను నేర్చుకుంది ఆ ఒక్కటే, ఎరుపుని చూసి మొహం ముడుచుకోకపోవడం. తర్వాత పిల్లల్ని పెంచడంలో నాకు పనికొచ్చింది అదే.

పెద్దత్త నాట్లవేళకి ఊరెళ్ళిపోయింది. వెళ్ళేముందు తమ్ముణ్ణి వాయించమంది. ఆయన చాప మీద కూర్చుని, కుడికాలు చాపి, ఫిడేలు తల పాదం మీద ఆనించి, శ్రుతి చూసుకున్నారు. ఏం వాయించారో ఆవిడకి తెలియదు, అడగనూ లేదు. చూపంతా పాదం మీదే ఉంది. "బాగున్నాది" అని లేచి మూట కట్టుకుంది.

మావగారు ఆ తర్వాత పదమూడేళ్ళు బతికారు. ఆ ఏళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పెద్ద కచేరీలు ఏవేవి ఎప్పుడో ఇప్పటికీ చెప్పగలను. పెరట్లో కాళ్ళు కడుక్కున్న సాయంత్రాలు మాత్రం ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చెప్పలేను, అన్నీ కలిసి ఒకటే సాయంత్రమైపోయాయి. కాలం గుర్తుపెట్టుకోమని ఇచ్చిన రోజులు వేరు, మనిషిని నిలబెట్టిన రోజులు వేరు అని నాకు తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.