పాతరలో దొరికిన క్రియ

మొన్న అనంతపురంలో మా వీధి చివర పునాదులు తీస్తుంటే, వెనకటి రోజుల్లో జొన్నలు దాచుకునే పాతర ఒకటి బయటపడింది. అది సెప్టిక్ ట్యాంకని ఇంజనీరూ, కాదు నిధి గుంతేనని మేస్త్రీ వాదించుకుంటుంటే, పక్కన నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. అలాంటి గుంతే నాకు డాక్టరేటు ఇప్పించిందంటే వాళ్లు నమ్మరు.

తొంభైల చివర్లో కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతూ, లువియన్ అనే భాష మీద పరిశోధనకు దిగాను. మూడు వేల ఏళ్ల కిందట ఇప్పటి టర్కీ ప్రాంతంలో మాట్లాడిన భాష అది. బతికున్న చుట్టాలను పలకరించడానికే తీరదు గానీ చచ్చినవాళ్ల మాటలు కావాలట దీనికి, అని మా చిన్నత్త ఊరంతా చెప్పి నవ్వించేది. నా తిప్పలన్నీ ఒక్క క్రియతో. దొరికిన శాసనాలన్నిటిలో అది రెండుచోట్లే ఉంది: ధాన్యపు గుంత తెరిచారు, ఆ పనేదో చేశారు, తర్వాత మనుషులు లోపలికి దిగారు. పండితులంతా ‘ప్రార్థించారు’ అని సరిపెట్టారు. కానీ రెండోచోట దాని పక్కనే ‘ఒక పగలంతా’ అని ఉంది. పొద్దస్తమానం ఏం ప్రార్థనమ్మా అని మా గైడు పట్టుకున్నారు. తేల్చకపోతే ఆ అధ్యాయమే తీసెయ్యమన్నారు. అది పోతే నా ఐదేళ్ల చాకిరీలో మిగిలేది ముందుమాటే.

ఆ ఎండాకాలం సెలవుల్లో మొహం వేలాడేసుకుని నల్లమాడకు, మా ఇంటికి పోయాను. విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్న నాయనకు, ఊరికే పొద్దుపోక, ఆ వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించాను. ఆయన ఒలవడం ఆపలేదు.

“పాతర మూత తీస్తానే దిగితే సచ్చిపోతారు గదమ్మా. లోపల చెడ్డగాలి ఉంటాది. ఒక పగలంతా గాలాడనిచ్చి, దీపం దించి చూసి, అప్పుడు దిగల్ల. దండాలు పెట్టుకుంటా కూచుంటే గాలి పోతాదా?”

చిన్నప్పుడు మా పాతరలోకి దీపం దించడం నేనూ చూసినదాన్నే. సిగ్గేసింది, అంతకు రెట్టింపు సంతోషమేసింది.

ఆ క్రియకు ‘గాలాడనిచ్చారు’ అనే అర్థాన్ని గైడు ఒప్పుకున్నారు, ముందొక ‘బహుశా’ చేర్చమంటే చేర్చాను. ఆధారం ఏ పుస్తకం, ఏ పేజీ అని అడిగితే మాత్రం నాయన పేరూ ఊరి పేరూ రాశాను. ఆ పేజీని నాయన ఊళ్లో చదువొచ్చిన ప్రతివాడి చేతా చదివించుకుని విన్నాడు.

ఆ రోజుల్లో శాసనం తాలూకు ఒక్క జిరాక్సు కాగితం కోసం నేను బెంగళూరు బస్సెక్కేదాన్ని. ఇప్పుడు శాసనాలన్నీ ఫోనులోనే కనిపిస్తున్నాయి, పాతరలోకి దిగిన మనుషులే కనిపించడం లేదు. ‘ఒక పగలంతా’ అని ఉన్న ఆ శాసనంలోనే, కరువు ఏట ఎద్దులను ఏదో చేశారనే వాక్యంలో, అర్థం తేలని క్రియ ఇంకొకటి ఉంది. నాయన పోయి పదేళ్లయింది. ఆ ముక్క కూడా ఆయనకు చదివి వినిపించాలని ఆ రోజు నాకు తోచనే లేదు.