డుంబ్రిగుడలో అడిగిన తొమ్మిదో ప్రశ్న

మోటారు ఇన్సూరెన్స్ సర్వేయరుగా నాకది మూడో వర్షాకాలం. జులై రెండో వారంలో ఒక సోమవారం, విశాఖపట్నం ఆఫీసు నుంచి డుంబ్రిగుడ మండలానికి అసైన్‌మెంటు వచ్చింది. నాలుగేళ్ల పాత ప్రైవేటు కారు కల్వర్టు గోడను గుద్ది పక్క పొలంలోకి దిగిపోయింది. నడిపినది యజమానురాలే. గాయాలు లేవు. స్పాట్ సర్వేతో పాటు పత్రాల తనిఖీ కూడా నాకే అప్పగించారు. ఆ ఉద్యోగం ఆరేళ్లు చేసి ముప్పై రెండో ఏట వదిలేశాను కాబట్టి రిటైరయ్యానని చెప్పుకునే వయసు కాదు నాది. అయినా ఆ పని ఎలా ఉంటుందని ఎవరు అడిగినా ఈ కేసే చెబుతాను.

సర్వేయర్ అంటే డబ్బిచ్చే మనిషి అనుకుంటారు. కాదు. దెబ్బ ఎంత తగిలింది, ఎలా తగిలింది, చెప్పిన సంగతికీ వంగిన ఇనుముకీ పొంతన ఉందా అని చూసి రాసేవాడు. ఇవ్వాలా వద్దా అన్నది క్లెయిమ్స్ అధికారి చేతిలో ఉంటుంది. స్పాట్ సర్వే అంటే బండిని అక్కడి నుంచి కదపకముందే చూడటం. ఒకసారి షెడ్డుకు లాక్కెళ్లాక సగం సాక్ష్యం దారిలోనే రాలిపోతుంది.

కల్వర్టు దగ్గర అంతా సరిగ్గానే ఉంది. ఎడమ మూల బంపర్, రేడియేటర్, ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ పోయాయి. గోడ మీద కారు రంగు అంటుకుని ఉంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాను. డ్రైవర్ సీటు బాగా ముందుకు జరిపి ఉంది, లోపలి అద్దం కిందికి వంచి ఉంది. యజమానురాలు సుశీల గారు అయిదడుగులు కూడా ఉండరు. భర్త బలరాం మంచి పొడగరి. నడిపినది ఆవిడేనని సీటే చెప్పింది.

చిక్కు పత్రాల్లో వచ్చింది. కారు సుశీల గారి పేర ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో, కారు నడిపేవాళ్లు ‘నేను, నా భర్త’ అని ఉంది. దాని తొమ్మిదో ప్రశ్న ఇది: వీరిలో ఎవరికైనా గత మూడేళ్లలో మోటారు వాహన నేరానికి శిక్ష పడిందా, లైసెన్సు సస్పెండ్ అయిందా? జవాబు ‘లేదు’. కింద ఆవిడ సంతకం. రవాణా శాఖ పోర్టల్‌లో చూస్తే, పాలసీకి అయిదు నెలల ముందు బలరాం లైసెన్సు తాగి నడిపినందుకు మూడు నెలలు సస్పెండ్ అయింది. ఈ ప్రమాదానికి దానితో సంబంధమేమీ లేదు. కానీ తప్పుడు జవాబు మీద రాసిన పాలసీని కంపెనీ కాదనవచ్చు.

సుశీల గారు ప్రభుత్వ పాఠశాలలో టీచరు. బడి ఇరవై ఆరు కిలోమీటర్ల అవతల. బస్సు రోజుకొక్కటే, అదీ బడి మొదలయ్యాక వస్తుంది. క్లెయిమ్ రాకపోతే కారు బాగుపడదు. బాగుపడకపోతే ఇద్దరు పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి బడి ఊళ్లోనే గది తీసుకోవాలి. పిల్లల్లో చిన్నది అప్పటికి ఇంకా అంగన్‌వాడీకి పోతోంది.

వాళ్ల ఊరికి మధ్యాహ్నం చేరాను. ఇంటి ముందు ఏడెనిమిది మంది కూర్చుని రాగులు చెరుగుతున్నారు. ఊరి నాయుడు కూడా అక్కడే ఉన్నాడు. అక్కడ నాయుడంటే ఊరిపెద్ద, తగువులు తీర్చే మనిషి. నా దగ్గర ఆ ఫారం వరసలోనే రాసుకున్న పదకొండు ప్రశ్నల జాబితా ఉంది. వరసగా అడుగుతూ తొమ్మిదో దానికి వచ్చాను.

“గతేడాది మీవారి లైసెన్సు సస్పెండ్ అయిందా అమ్మా?”

“సార్, ఇక్కడ కాదు. లోపలికి రండి,” అన్నారావిడ మెల్లగా.

ఆవిడకు ప్రశ్న అర్థం కాలేదేమో అనుకున్నాను. గొంతు పెంచి మళ్లీ అడిగాను, ఈసారి తాగి నడపడం అన్న మాట కూడా కలిపి. చేటలు ఆగిపోయాయి. బలరాం లేచి, ఎవరి ముఖమూ చూడకుండా కాఫీ తోట వైపు వెళ్లిపోయాడు.

నాయుడు నా జాబితా వైపు చూసి అడిగాడు. “ఏటి బాబూ, అలగడిగీసినావు? ఆ తప్పు మేం తినీసినాం గదా.”

విషయం ఆయనే వివరించాడు. సంత నుంచి తాగి వస్తూ బలరాం ఒకరి ఆవును గుద్దాడు. పోలీసులు వాళ్ల పని వాళ్లు చేశారు. ఊరు తన పని చేసింది. బలరాం మేకను, బియ్యాన్ని తప్పు కింద కట్టాడు. తప్పు అంటే జరిమానా. వండి ఊరంతా తిన్నారు, ఆవు యజమానితో సహా. తిన్న తర్వాత ఆ సంగతి ఇంకొకరు ఎత్తితే, ఎత్తినవాడు తప్పు కట్టాలి. అది ఆ ఊరి కట్టుబాటు.

“మరి కంపెనీకి తెలియాలి కదండీ,” అన్నాను.

“ఆరోజు కంపెనీని పిలవనేదేటి? పిలిస్తే ఒచ్చి ఓ ముక్క తినును గదా!” అంది చేట పట్టుకున్న ఒక ముసలామె. అందరూ నవ్వారు. నాయుడు మాత్రం నవ్వకుండా, “ఒక కోడి, రెండు కేజీల బియ్యం. బేగి తెచ్చీ. సీకటి పడకముందే తినీసి పోదువు,” అన్నాడు.

క్లెయిమ్ పెట్టినవారి ఇంట సర్వేయర్ టీ కూడా తాగకూడదని మాకు నియమం. కాదంటే ఆ ఊళ్లో ఇంకొక్క జవాబు కూడా రాదని తెలుస్తోంది. కోడీ బియ్యమూ కొన్నాను. అందరితో కూర్చుని తిన్నాను. నా తప్పు కూడా అలా ముగిసిపోయింది. తర్వాత నా తొమ్మిదో ప్రశ్న గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

వెళ్లేటప్పుడు సుశీల గారు నేను వచ్చిన కారు వరకూ వచ్చారు. ఫారం నింపింది ఏజెంటనీ, ఫోన్లో “మీ ఆయన మీద కేసులేవీ లేవు కదమ్మా” అని అడిగి, తర్వాత సంతకం మాత్రం తీసుకున్నాడనీ చెప్పారు. ఆ ఫోన్ వచ్చినప్పుడు ఆవిడ ఇదే వాకిట్లో, ఇదే మనుషుల మధ్య ఉన్నారు.

“నాకు తెలీక కాదు సార్. కోర్టు రసీదు బీరువాలోనే ఉంది. ఊళ్లో లేదనాలి, కాయితం మీద ఉందనాలి. నేను ఊళ్లో కూసుని కాయితానికి జవాబు సెప్పీసాను.”

ఇదంతా రాసి సంతకం పెట్టి ఇవ్వగలరా అని అడిగాను. భర్త తప్పు తాను రాస్తే అది మళ్లీ ఎత్తినట్టే అన్నారు. మేకకు భయపడి కాదనీ, ఆయన ముఖం చూడలేననీ అన్నారు.

ఆ రాత్రి అరకులో లాడ్జి గదిలో రిపోర్టు మొదలుపెట్టాను. తొమ్మిదో ప్రశ్న దగ్గర రాయగలిగింది ఒక్కటే: వాస్తవం దాచబడింది. ఆ మాట పడితే క్లెయిమ్ దాదాపు పోయినట్టే. ఊరి కట్టుబాటు గురించి నా అంతట నేను రాస్తే అది సర్వేయర్ సానుభూతి అవుతుంది, సాక్ష్యం కాదు. పెన్ను పక్కన పెట్టాను.

పొద్దున్న ఏడింటికి బలరాం లాడ్జికి వచ్చాడు. చేతిలో కోర్టు రసీదు, సస్పెన్షన్ ఉత్తర్వు ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఒక తెల్లకాయితం ఇయ్యండి సార్. నాను రాస్తాను.”

“మీ ఊళ్లో మళ్లీ తప్పు పడదా?”

“ఇంకోడు ఎత్తితే తప్పు. సేసినోడు తన నోటితో సెప్పుకుంటే తప్పేటి? ఆ ఫోను నాకిచ్చుంటే ఆరోజే సెప్పీసుందును. నన్నెవుడూ అడగనేదు.”

పదో తరగతి చదివిన మనిషి. అరగంట పట్టింది. ఏ తేదీన, ఎక్కడ, ఎంత తాగాడో, ఎవరి ఆవో రాశాడు. ఆవు ఇప్పుడు బాగానే ఉందని కూడా రాశాడు. అది అవసరం లేదన్నాను. ఉండనీయమన్నాడు.

రిపోర్టుకు ఏడు జతపత్రాలు పెట్టాను. ఆరోది, భర్త రాశాక సుశీల గారు ఇచ్చిన వాంగ్మూలం: ఏజెంటు ఫోన్లో ఏమడిగాడు, తాను ఎక్కడ ఉండి జవాబిచ్చారు అన్నంతవరకే. ఏడోది బలరాం రాసినది. చివరి పేరాలో, పరిశీలన రోజున ఆ ఊళ్లో సొంత ఖర్చుతో భోజనం చేశానని కూడా రాశాను. మా సీనియర్ ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, కారణం అడిగి, విని, గీతను అలాగే ఉంచి పంపించాడు.

నెలన్నర తర్వాత క్లెయిమ్ కొంత కోతతో మంజూరైంది. నడిపినవారి లైసెన్సు సరైనదే కావడం, భర్త నేరానికీ ప్రమాదానికీ సంబంధం లేకపోవడం, జవాబు తప్పు కావడానికి కారణం రాతపూర్వకంగా ఉండటం అధికారి చూపిన ఆధారాలు. తర్వాతి రెన్యువల్‌కు ప్రీమియం పెంచారు. ఫారంలో తొమ్మిదో ప్రశ్నకు ఈసారి ‘ఉంది’ అని రాసి ఉంది. చేతిరాత బలరాందే.

ఆ తర్వాత మిగిలిన మూడేళ్లూ నా జాబితాలో ఒక మార్పు ఉంచుకున్నాను. నడిపేవాళ్లు ఇద్దరుంటే తొమ్మిదో ప్రశ్న ఇద్దరికీ విడివిడిగా, ఎవరూ లేని చోట వేసేవాణ్ణి. ఒకరి గురించి ఇంకొకరు చెప్పిన ‘లేదు’ కనిపిస్తే దాన్ని అబద్ధమని రాసేముందు మూడు సంగతులు నమోదు చేసేవాణ్ణి: ఎవరిని అడిగారు, ఎక్కడ అడిగారు, అప్పుడు పక్కన ఎవరున్నారు.